జావ తాగానని చెప్పాను

ఖమ్మం నుంచి ఏన్కూరు మీదుగా ములకలపల్లి పోయే బస్సులో నేను కండక్టర్ని. ఆ రూటులో ఆరేళ్ళ నుంచి ఉన్నాను. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైన తరువాత ఆ బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. ఉచితమే అయినా ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టాలి. అందుకు ముందు తలుపు నుంచి చివరి సీటు దాకా మనుషుల మధ్యలో దూరి పోవాలి. అప్పటికి నా బరువు తొంభై ఆరు కిలోలు. పొట్టి మనిషిని. దూరి పోవడం నా వల్ల అయ్యేది కాదు.

కొన్నాళ్ళు ముందు తలుపు దగ్గరే నిలబడి పని నడిపించాను. కార్డులు చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చేవి. టికెట్లు చేతులు మారుతూ వెనక్కి పోయేవి. ఒక రోజు ఏన్కూరు దాటాక చెకింగ్ వాళ్ళు బస్సు ఆపారు. చివరి సీటులో ఒకతను టికెట్ లేకుండా దొరికాడు. నడివయసు మనిషి, ఇస్త్రీ చొక్కా. అతను ఏమాత్రం భయపడలేదు.

"నేనేం తప్పించుకుంటలేను సార్. పైసలు చేతుల పట్టుకొనే కూసున్న. కండక్టరమ్మనే ఎనకకు రాలే. ఆమె ఈ సందుల పట్టదు సార్."

బస్సంతా నవ్వింది. చెకింగ్‌కు వచ్చినాయన కూడా తల పక్కకు తిప్పుకొని నవ్వాడు. నాకు మెమో ఇచ్చారు. అందులో నా బరువు గురించి ఏమీ లేదు, టికెట్ ఇవ్వడంలో నిర్లక్ష్యం అని ఉంది. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ రోజు మిగతా ట్రిప్పంతా నేను ఎవరి ముఖం వంకా చూడలేదు, చేతుల వంకే చూశాను.

మా ఆయనకు కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపు ఉంది. ఎక్కువ మాట్లాడడు. మెమో చదివి మడిచి నా చేతికి ఇచ్చి, "ఒకసారి డాక్టర్‌కు చూపించుకో రాదు," అన్నాడు. ఖమ్మంలోనే ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. రక్తం పరీక్షలు చేయించాడు. షుగరు అంచు మీద ఉందన్నాడు, మోకాళ్ళు అరిగాయన్నాడు. వారానికి ఒకసారి కడుపు మీద వేసుకునే ఇంజెక్షన్ రాశాడు.

"ఇది సోకు కోసం ఇచ్చేది కాదమ్మా. మీకు అవసరం ఉంది కాబట్టి రాస్తున్న. ఆకలి తగ్గుతది. తగ్గింది కదా అని తిండి మానేయొద్దు. గుడ్డు, పప్పు తప్పకుండా తినాలె. నడవాలె. నెలకోసారి నాకు కనపడాలె."

అన్నిటికీ తల ఊపాను. నెలకోసారి అని ఆయన చెప్పిన దాంట్లో రెండు సార్లు వెళ్ళాను. మూడో నెల నుంచి నేరుగా మందుల షాపుకే పోయాను. డ్యూటీ దిగి వచ్చాక ఇంకో గంట డాక్టర్ దగ్గర కూర్చోవడం ఎందుకనిపించింది. షాపతను పాత చీటీ చూసి ఇచ్చేవాడు. తరువాత చీటీ కూడా అడగలేదు. ఒకసారి, "దీనికన్నా పెద్ద డోసు ఉంది మేడం, జల్దీ తగ్గుతరు," అన్నాడు. అదే ఇవ్వమన్నాను.

పెన్ను లాగా ఉంటుంది ఆ సూది. ఫ్రిజ్‌లో కరివేపాకు కవరు పక్కన పెట్టేదాన్ని. వీక్లీ ఆఫ్ రోజు పొద్దున స్నానం చేసి, మంచం అంచున కూర్చొని వేసుకునేదాన్ని. చీమ కుట్టినంత కూడా ఉండదు. మొదటి నెల వాంతులయ్యాయి. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా నోట్లో పుల్లటి నీళ్ళు ఊరేవి. కిటికీ దగ్గరున్న వాళ్ళను జరగమని రెండు సార్లు తల బయటపెట్టాను. తరువాత వాంతులు తగ్గాయి, ఆకలి కూడా పోయింది.

పోయిందంటే తగ్గిందని కాదు. అసలు రాలేదు. మధ్యాహ్నం ములకలపల్లిలో బస్సు ఆగినప్పుడు నేనూ డ్రైవరూ డబ్బాలు విప్పుకొని తినేవాళ్ళం. ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేదాన్ని. ఆయన ఇంటి చేపల పులుసు నాకు, మా ఇంటి పచ్చిపులుసు ఆయనకు. సూది మొదలుపెట్టాక నేను డబ్బా మూత తీసి, రెండు ముద్దలు నమిలి, మూత పెట్టేసేదాన్ని. పదిహేను రోజులు చూశాడు. ఆ తరువాత ఆయన తన డబ్బా తీసుకొని డ్రైవర్ సీటులోకి పోయి, నాకు వీపు తిప్పి తినడం మొదలుపెట్టాడు. ఒకసారి అడిగితే, "ఎదురుంగ కూసొని చూస్తుంటే ముద్ద దిగుతలేదు చెల్లె," అన్నాడు. సరే అన్నాను.

మా అక్క బిడ్డ పెళ్ళిలోనూ అంతే. విస్తరిలో మటన్, బగారన్నం, గారెలు పెట్టారు. వాటి ముందు కూర్చొని ఎప్పుడు లేవొచ్చా అని పక్కవాళ్ళను చూశాను. మా అక్క వచ్చి నిలబడింది. "ఏందే, నా ఇంట్ల కూడు నీకు పనికిరాదా?" అంది. అక్క కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు బాధ కలగాలి కదా అనుకున్నాను. అనుకోవడమే తప్ప కలగలేదు. అది సూది వల్లనా, సరిగా తినకపోవడం వల్లనా, నాకు తెలియదు. కోపం, సంబరం, ఆత్రం, ఇవి ఒకదాని వెనుక ఒకటి మెత్తబడ్డాయి. వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలో అప్పడాల లాగా. ఇంట్లో ఏం వండాలో అడిగేదాన్ని కాదు, మా ఆయన చెప్పేవాడు కాదు. నాలుగు రోజులు వరుసగా టమాటా పప్పే చేసినా ఇద్దరం గమనించలేదు.

మంచి జరగలేదని అబద్ధం చెప్పను. ఎనిమిది నెలల్లో ఇరవై కిలోలు తగ్గాను. మోకాళ్ళ నొప్పి సగానికి సగం పోయింది. మిర్చి ఏరడానికి పోయే కూలీలతో బస్సు కిక్కిరిసినా ముందు నుంచి వెనక దాకా పోయి రాగలిగాను. షుగరు కూడా దిగింది. దానితో పాటు చెంపలు జారాయి, దువ్వెన నిండా జుట్టు వచ్చేది. డిపోలో కొందరు బాగున్నావన్నారు, కొందరు ఏం జబ్బని మెల్లగా అడిగారు.

ఆ బస్సు రోజూ ఎక్కే ఒకామె ఉండేది. ఏన్కూరు దాటాక ఒక తండా దగ్గర ఎక్కి, ములకలపల్లికి ముందు ఆడపిల్లల హాస్టల్ దగ్గర దిగేది. అక్కడ వంట చేస్తుంది. రెండు వందల మంది పిల్లలు. నాకన్నా మూడు నాలుగేళ్ళు చిన్న. నా అంత లావు కాకపోయినా లావే. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు ఎప్పుడూ నా చేయి అడిగేది, "అక్కా, జర పట్టు," అని. నేను పట్టుకునేదాన్ని. మెమో వచ్చిన రోజు బస్సులో నవ్వని వాళ్ళలో ఆమె ఒకతి.

నేను తగ్గడం అందరికన్నా ముందు ఆమె చూసింది.

"ఏం చేసినవ్ అక్కా? నాకు గూడ చెప్పు. బీపీ ఉన్నదని దవాఖానాల బరువు తగ్గుమన్నరు. కూరగాయలు కోయనీకి కూసుంటే లేవనీకి ఇద్దరు లేపాలె నన్ను."

చుట్టూ జనం ఉన్నారు. అందరూ వింటున్నట్టే అనిపించింది. సూది అని చెబితే సాయంత్రానికల్లా ఆ రూటు మొత్తం తెలుస్తుంది. కష్టపడి తగ్గలేదు, కొనుక్కుంది అంటారు. పట్టదని నవ్విన వాళ్ళే మళ్ళీ నవ్వుతారు. ఇవన్నీ అప్పుడు ఆలోచించానో, ఇప్పుడు రాస్తూ అనుకుంటున్నానో చెప్పలేను. నోటికి వచ్చింది చెప్పాను.

"పొద్దున రాగి జావ తాగుత. మధ్యాహ్నం ఇంత అన్నం. రాత్రి ఏం తినను. గంతే."

"గంతేనా?"

"అవ్. గంతే. కొంచెం నడుస్తున్న."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ మళ్ళీ ఒకసారి అప్పజెప్పింది. జావ, ఇంత అన్నం, రాత్రి బంద్. నేను టికెట్ చింపి ఇచ్చి వెనక్కి పోయాను.

వారం తిరక్కుండా మొదలుపెట్టింది. రోజూ ఎక్కగానే చెప్పేది. రాత్రి మానేశానని, రెండు కిలోలు తగ్గానని, తల తిరుగుతోందని. ఒక రోజు నా సీటు పక్కన రాడ్డు పట్టుకొని నిలబడి అడిగింది.

"అక్కా, నీకు రాత్రి ఆకలి కాదా?"

"కాదు."

"నాకు మస్తు అయితుంది. పిల్లలకు అన్నం వండుతుంటే ఆ వాసనకు చేతులు వణుకుతున్నయ్."

"మొదట్ల అట్లనే ఉంటది చెల్లె. నీళ్ళు తాగు. పది పదిహేను రోజులైతే ఆకలే చచ్చిపోతది."

ఈ మాట నేను చెప్పాను. ఎవరో చెప్పించింది కాదు. అప్పటికి నా ఆకలి పోయి ఆరు నెలలు. అది ఎట్లా ఉంటుందో మరిచిపోయాను. కడుపులో మెలిపెట్టడం, ముందు కోపం రావడం, ఆ తరువాత చేతులు చల్లబడటం, ఇవేవీ గుర్తులేవు. ఆకలి లేనిదాన్ని, ఆకలి ఉన్నదానికి సలహా ఇచ్చాను. ఆమె నమ్మింది. నమ్మడానికి నా శరీరమే ఎదురుగా సాక్ష్యం ఉంది కదా.

ఆమె తగ్గింది. రెండు నెలల్లో జాకెట్ భుజాల దగ్గర వదులయింది. ముఖం పాలిపోయింది. మెట్టు ఎక్కడానికి చేయి అడగడం మాత్రం మానలేదు. ఇంకా గట్టిగా పట్టుకునేది. ఆమె చేయి చల్లగా ఉందని తెలిసింది. చల్లగా ఉంది అనుకున్నాను, వదిలేశాను.

తరువాత నాలుగు రోజులు ఆమె కనపడలేదు. ఐదో రోజు అదే హాస్టల్‌లో పనిచేసే ఇంకో వంటామె ఎక్కింది. అడవి వైపు ఊరామె, ఎక్కువ మాట్లాడేది కాదు. కార్డు చూపిస్తూ తనే చెప్పింది.

"నాతోని వండే అక్క దవాఖానాల ఉన్నది. గంజి వారుస్తుంటే కండ్లు తిరిగి పడ్డది. డేక్సా ఒరిగి గంజంత కాళ్ళ మీద పడ్డది."

"పిల్లలకేమన్న అయిందా?"

"పిల్లలు లేరు ఆడ. ఆమెకే. మోకాళ్ళ కాడికెల్లి పాదాల దాక."

నేను మిషన్ నొక్కాను. టికెట్ వచ్చింది. చింపి ఇచ్చాను. ఆమె వెనుక ఉన్న ముసలమ్మ కార్డు చాపింది. అదీ చూశాను. ములకలపల్లి పోయే లోపల ముప్పై నలభై టికెట్లు కొట్టి ఉంటాను. ఒక్కటి తప్పు పోలేదు. దిగాక డ్రైవరన్న, "ఏమైంది చెల్లె, ముఖం గట్లున్నది?" అని అడిగాడు. ఏం కాలేదన్నాను. నిజంగానే ఏమీ కానట్టుంది లోపల. అది చూసి నాకు మొదటిసారి భయమేసింది. ఆమె కాళ్ళ గురించి కాదు, నా గురించి.

వీక్లీ ఆఫ్ రోజు కొత్తగూడెం దవాఖానాకు వెళ్ళాను. ఆ పొద్దున సూది వేసుకోలేదు. ఫ్రిజ్ తీసి చూసి మూశాను, అంతే.

వార్డులో కిటికీ దగ్గరి మంచం ఆమెది. రెండు కాళ్ళకూ కట్లు, పైన దుప్పటి తగలకుండా ఏదో అడ్డం పెట్టారు. వాళ్ళ అమ్మ పక్కన కూర్చొని ఉంది. నన్ను చూసి ఆమె మంచం మీద నుంచి లేవబోయింది.

"అక్కా, నువ్వొచ్చినవా! డ్యూటీ లేదా?"

"ఆఫ్."

"రక్తం తక్కువున్నదన్నరు నాకు. సగమే ఉన్నదంట. ఏం తింటున్నవ్ అని తిట్టిండ్రు."

వాళ్ళ అమ్మ నా వంక చూసి కూతురితో వాళ్ళ భాషలో ఏదో అంది. జావ అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది. చెప్పడానికే వెళ్ళాను కాబట్టి చెప్పేశాను.

"చెల్లె, నేను జావ తాగి తగ్గలే. సూది ఏసుకున్న. వారానికొకటి. అది ఏసుకుంటే ఆకలి కాదు. నీకు అబద్ధం చెప్పిన."

ఆమె దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంటూ ఉంది.

"సూదా?"

"అవ్."

"అంటే నీకు ఆకలి కాకపోవుడు నిజమే?"

"నిజమే."

"నాకైతుండె అక్కా. నడి రాత్రి లేచి కూసునేదాన్ని. నువ్వు చచ్చిపోతదన్నవ్ గదా. ఇయ్యాల చచ్చిపోతదా, రేపు చచ్చిపోతదా అని చూసిన. అందరికి చస్తది, నాకే ఎందుకు చస్తలేదు, నా మనసే గట్టిది కాదు అనుకున్న. నా మీదనే నాకు అసహ్యమేసింది."

అరవలేదు. అరిస్తే నాకు తేలికయ్యేదేమో.

"ఎందుకు చెప్పలే? చెప్తే నేను కొనలేనని అనుకున్నవా?"

"కాదు."

"మరేంది?"

"సిగ్గనిపించింది."

"నా ముంగట సిగ్గేంది?" అంది ఆమె. అంతమంది నవ్విన రోజు నవ్వని మనిషి ముందే నాకు సిగ్గేసింది.

అంతలో వాళ్ళ అమ్మ గిన్నె విప్పి జొన్నరొట్టె, పప్పు, ఉడికించిన గుడ్డు పెట్టింది. ఆమె తినడం మొదలుపెట్టింది. వేగంగా, నా వంక చూడకుండా, వేళ్ళు నాకుతూ తిన్నది. ముసలమ్మ నాకూ సగం రొట్టె ఇచ్చింది. వద్దంటే బాగుండదని తీసుకున్నాను. పెట్టిన చేయి కోపంగా ఉందో, మామూలుగానే ఉందో తెలియలేదు. రొట్టె నమిలాను. నీళ్ళతో మింగాను.

మరుసటి వారం డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఇన్ని నెలలు ఏమయ్యావని అడిగాడు. షాపు నుంచి నేరుగా కొన్నానని, డోసు పెంచానని, రోజుకు నాలుగు ముద్దలు కూడా తినడం లేదని చెప్పాను. ఏమీ అనిపించడం లేదని కూడా చెప్పాను. అది ఎట్లా చెప్పాలో తెలియక, "ఎవరన్న ఏడ్చినా నాకు ఏం కాదు సార్," అన్నాను. ఆయన రాసుకోవడం ఆపి చూశాడు. అందరికీ అట్లా కాదని, కాకూడదని, ఇంత పెద్ద డోసు తను రాసేవాడు కాదని అన్నాడు. కొన్నాళ్ళు ఆపించాడు. రక్తం పరీక్ష చేయించాడు, నాదీ తక్కువే ఉంది. మళ్ళీ చిన్న డోసుతో మొదలుపెట్టించాడు. ఇప్పుడు నెలకోసారి పోతున్నాను. మానేయమనలేదు, నేనూ మానేస్తానని అనలేదు. ఆపిన నెలన్నరలో ఐదు కిలోలు వచ్చాయి, మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. ఈ ఉద్యోగం ఇంకా పదిహేనేళ్ళు చేయాలి.

ఆ నెలన్నరలో ఆకలి కూడా వచ్చింది. సాయంత్రం ట్రిప్పులో, టికెట్ కొడుతూ ఉండగా, కడుపులో ఏదో పట్టి లాగినట్టయింది. ఇదేంది అనుకున్నాను. తెలిశాక బస్సులో నిలబడే ఆమె మాటలు ఒక్కొక్కటి గుర్తు తెచ్చుకున్నాను. రెండు నెలలు రోజూ రాత్రి ఇట్లా. పైగా రెండు వందల మందికి వండుతూ.

ఇప్పుడు ఎవరైనా ఎట్లా తగ్గావని అడిగితే సూది అని చెబుతున్నాను. అనుకున్నట్టే కొందరు నవ్వుతారు. "అంతే అంటవా, నడిచి తగ్గినవ్ అనుకున్న," అని మొహం తిప్పుకుంటారు. అది పెద్ద కష్టంగా లేదు. ఇంటర్ చదివే ఒక అమ్మాయి మాత్రం నాలుగు రోజులు వెంటపడింది. సన్నగా ఉంటుంది, చేతులు పుల్లల్లాగా. "ఏ షాపు ఆంటీ? చీటీ లేకున్నా ఇస్తరా?" అని. డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను. "డాక్టర్ ఇయ్యడు, నువ్వు చెప్పు," అంది. చెప్పలేదు. వాళ్ళ అమ్మ ఎప్పుడైనా ఎక్కితే చెప్పాలనుకున్నాను. ఆమె ఆ బస్సు ఎక్కదు. నిజం చెబితే సరిపోతుందనుకున్నాను, దానికీ ఇంత పని ఉంటుందని అనుకోలేదు.

వంటామె మూడు నెలలకు తిరిగి పనికి వచ్చింది. తండా దగ్గర బస్సు ఆగితే వెనక తలుపు నుంచి ఎక్కింది. నేను చేయి చాపాలని ముందు తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరో లేచి సీటిచ్చారు. నేను వెనక్కి వెళ్ళేసరికి కార్డు తీసి పట్టుకొని ఉంది. పాదాల మీద చర్మం గులాబీ రంగులో, ముడతలు ముడతలుగా ఉంది. చెప్పులు వదులుగా వేసుకుంది.

"కాళ్ళెట్లున్నయ్ చెల్లె?"

"మంచిగున్నయ్ మేడం."

మేడం అంది. వెటకారం లేదు అందులో. బస్సులో అందరూ అట్లాగే పిలుస్తారు.

"పొయ్యి కాడ పని చేస్తున్నవా?"

"లేదు. వేడి తగిలితే మండుతున్నయ్. కూరగాయలు కోస్తున్న. ఎత్తు పీట ఏయించిండ్రు."

"నేను డోసు తగ్గించిన. డాక్టర్‌కు అంత చెప్పిన," అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. అడగలేదు కదా.

"నీ ఇష్టం మేడం," అని సంచిలోంచి డబ్బా తీసింది. ఇడ్లీలు, మీద కారప్పొడి. కిటికీ వైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. నేను టికెట్ చింపి ఆమె ఒడిలో పెట్టాను. వెనక సీటులో ఎవరో ములకలపల్లికి రెండు అన్నారు. అటు పోయాను.